మిల్లు తర్వాత కొనొచ్చు తల్లీ

నెల్లూరు,
ఆదివారం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

రబ్బరు యూనిట్ పెడతానని రాసిన నీ ఉత్తరం, దాంతో పెట్టిన మిషన్ల కొటేషన్ల జిరాక్సులు అందాయి. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నేను చెప్పేదాంట్లో సగం మీ పెద్దమ్మ మధ్యలో అందుకుంటుంది, మిగతా సగానికి నువ్వు "సరే పెదనాన్నా" అనేసి మరిచిపోతావు. కాగితమైతే షెడ్డులో గోడకి అంటించుకోవచ్చు. అందుకే కూర్చుని రాస్తున్నా.

గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్లో చూసిన షెడ్డు బాగానే ఉంది. హైవే పక్కనే ఉంది, ఒంగోలు దగ్గర, చీమకుర్తి కూడా పెద్ద దూరం కాదు. అద్దె సంగతి మీ నాన్న మాట్లాడతాడులే. నాకు గుండె జారింది ఎక్కడంటే, నువ్వు పంపిన కొటేషన్లలో పైనున్నది రబ్బరు కలిపే మిక్సింగ్ మిల్లుది. లోన్లో సగం దానికే పోతోంది. మిల్లు తర్వాత కొనొచ్చు తల్లీ. ఎందుకో చెప్తాను.

1979లో నేను మద్రాసు అంబత్తూరు ఎస్టేట్లో ఒక రబ్బరు కంపెనీలో హెల్పరుగా చేరాను. మూడేళ్లు మిల్లు మీదే పని. రెండు లావాటి ఇనప రోలర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, ఒకటి కాస్త వేగంగా, ఒకటి కాస్త నిదానంగా. ఆ సందులో పచ్చి రబ్బరు నలిగి మెత్తబడ్డాక కార్బన్, జింక్ ఆక్సైడ్, నూనె, చివర్లో గంధకం వేసి కోస్తూ, మడుస్తూ కలపాలి. కార్బన్ అంటే పొయ్యి మసి కంటే సన్నటి మసి. సంక్రాంతికి ఇంటికొస్తే మీ నాయనమ్మ సున్నిపిండి పెట్టి ఎంత రుద్దినా గోళ్లలో నలుపు పోయేది కాదు, నేను పడుకున్న దిండు మీద తలకాయంత నల్ల మచ్చ పడేది. మసికి నేను భయపడలేదు. ఒక రాత్రి షిఫ్టులో నా పక్కన పనిచేసేవాడి చేతి తొడుగు రబ్బరుకు అంటుకుని సందులోకి పోయింది. మిల్లు మీద అడ్డంగా ఒక సేఫ్టీ కడ్డీ ఉంటుంది, మోకాలితోనో నడుముతోనో నెడితే రోలర్లు ఆగాలి. మాటిమాటికీ తగిలి మిల్లు ఆగిపోతోందని ఎవరో దాన్ని తీగతో కట్టేసి ఉంచారు. మూడు వేళ్లు పోయాయి. వాడికి అప్పటికి పెళ్లయి రెండు నెలలు.

నెల్లూరొచ్చి 1988లో సొంతంగా మొదలుపెట్టాక తొమ్మిదేళ్లు నేను మిల్లు కొనలేదు. అందరూ నవ్వేవాళ్లు, మిల్లు లేని రబ్బరు ఫ్యాక్టరీ ఏందని. అన్నీ కలిపి తయారుగా ఉన్న రబ్బరు, అదే కాంపౌండ్, మద్రాసు నుంచి పార్సిల్ సర్వీసులో తెప్పించుకునేవాణ్ణి. అట్టలు అట్టలుగా వస్తుంది, కోసుకుని అచ్చులో పెట్టుకోవడమే. మిల్లుంటే దాన్ని నడిపే మేస్త్రి కావాలి, దాని కరెంటు బిల్లు కట్టాలి, దుమ్ము పీల్చే ఏర్పాట్లు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, తూకంలో ఒక్క పొరపాటు జరిగితే బ్యాచ్ మొత్తం పోతుంది. కాంపౌండ్ అమ్మేవాణ్ణి మాత్రం ఊరికే వదలొద్దు. ప్రతి బ్యాచ్‌కీ వేడికి ఎంతసేపట్లో గట్టిపడుతుందో చూపే రియోమీటర్ గ్రాఫు, గట్టిదనం, సాంద్రత రాసిచ్చిన కాగితం అడుగు. ఇవ్వనంటే ఇంకొకణ్ణి వెతుక్కో.

నీకిప్పుడు కావలసింది అచ్చును నొక్కిపట్టి వేడి చేసే ఒక మంచి హైడ్రాలిక్ ప్రెస్, కరెంటుతో వేడెక్కే ప్లేట్లది. ఆవిరిది వద్దు, బాయిలరు పెడితే ఇన్‌స్పెక్టర్లూ లైసెన్సులూ వేరే తలనొప్పి. చిన్న ఓవెన్, తూకం యంత్రం, అంచులు గీరే గ్రైండరు, గట్టిదనం కొలిచే షోర్ మీటరు. ఇంతే.

నువ్వు కెమికల్ ఇంజనీరింగ్ చదివావు కాబట్టి నేను కొత్తగా చెప్పేదేం లేదు గానీ, నీ దగ్గర పనిచేసే పిల్లలకి మాత్రం ఇట్టా చెప్పు. ప్లాస్టిక్ నెయ్యిలాంటిది, గడ్డకడితే మళ్లీ కరిగించుకోవచ్చు. రబ్బరు ఇడ్లీలాంటిది. ఆవిరి పట్టాక మళ్లీ పిండి కాదు. వెంకటగిరి మగ్గం దగ్గర నూలు పోగులు చూశావు గదా, పచ్చి రబ్బరులో అణువులు అట్టా పొడుగ్గా, ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా జారుతుంటాయి. గంధకం వేసి వేడి చేస్తే అక్కడక్కడా పోగుకీ పోగుకీ ముడి పడుతుంది. ముడులు పడ్డాక లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ముడులు మరీ ఎక్కువైతే కర్రలా బిగుసుకుపోతుంది, దాన్నే ఎబొనైట్ అంటారు. పాతకాలం బ్యాటరీ డబ్బాలు దానితోనే చేసేవాళ్లు. సాధారణంగా వంద పాళ్ల రబ్బరుకు గంధకం రెండు పాళ్లు, జింక్ ఆక్సైడ్ అయిదు, కార్బన్ నలభై నుంచి అరవై. ముడి పడే పనిని తొందరపెట్టే మందు, అదే యాక్సిలరేటర్, ఒక పాలు. పులుసులో ఉప్పు లాంటి లెక్క.

ఆ ముడి సంగతి కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్ కథ నీకు తెలిసే ఉంటుంది. 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలి, కరిగి జిగురవ్వకుండా తోలులా గట్టిపడటం చూశాడు. పేటెంటు 1844లో వచ్చింది. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ అదే పనికి పేటెంటు తీసుకుని పోటీకొచ్చాడు. గుడ్‌ఇయర్ జీవితమంతా అప్పుల వాళ్లతో, కోర్టులతో గడిచి, 1860లో చనిపోయేనాటికి రెండు లక్షల డాలర్ల అప్పు మిగిలింది. ఇప్పుడు మనం చూసే గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ 1898లో వేరేవాళ్లు పెట్టి ఆయన పేరు వాడుకున్నారు, ఆయన ఇంటివాళ్లకి ఆ కంపెనీతో సంబంధం లేదు. నేను యూనిట్ పెట్టిన కొత్తలో మీ పెద్దమ్మకి ఈ కథ సరదాగా చెప్పాను. ఆ తర్వాత ఆర్నెల్లు బ్యాంకు పాసుబుక్కు తన దగ్గరే పెట్టుకుంది.

ఇక అసలు సంగతి. నీ దగ్గరికి ఎవరైనా ఒక ముక్క పట్టుకొచ్చి "ఇట్టాంటివి వంద కావాలి, రేటెంత?" అంటే రేటు చెప్పొద్దు. "ఇది ఎక్కడ ఉంటుంది?" అని అడుగు. నూనెలోనా, నీళ్లలోనా, ఎండలోనా, ఆవిరిలోనా? ఎంత వేడి? కదులుతుందా, నొక్కుకుని కూర్చుంటుందా? వాళ్లకి తెలియకపోతే పోయి చూడు. స్కూటీ వేసుకుని పోయి ఆ మిషను ముందు నిలబడి చూడు.

నేను అడక్కుండా పోగొట్టుకున్నది చెప్తాను. 1990 ప్రాంతంలో ఒకాయన గ్యాస్కెట్లు, అంటే జాయింట్లు కారకుండా పెట్టే రబ్బరు ముక్కలు, కావాలని నమూనా ఇచ్చాడు, నీళ్ల పంపుకే కదా అనుకున్నా. ఎండకీ, నీళ్లకీ, ఆవిరికీ ఈపీడీఎం అనే రకం రబ్బరు బాగుంటుంది, అదే చేసిచ్చాను. రెండు వందలు. అవి బిగించింది డీజిల్ లైనుకి. వారం తిరక్కుండా ఉబ్బి, మెత్తబడి, పాలలో నానిన బ్రెడ్డులా వచ్చాయి. ఆయన నా బల్ల మీద గుప్పెడు పోసి, ఏమీ అనకుండా కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. నైట్రైల్ రబ్బరు 1930లలో జర్మనీలో తయారు చేసిందే నూనెను తట్టుకోవడానికి. ఆ డబ్బంతా నేనే పెట్టుకుని మళ్లీ నైట్రైల్‌తో చేసిచ్చాను, ఆయన మాత్రం మళ్లీ రాలేదు.

కాబట్టి ఇది నోటికి రావాలి నీకు. మామూలు కేరళ రబ్బరు సాగుడుకీ, అదురుకీ, అరుగుదలకీ మంచిది, నూనెకు శత్రువు, ఎండకు పగులుతుంది. నైట్రైల్ నూనెకు మంచిది, ఎండలో వదిలేస్తే పగులుతుంది. నియోప్రీన్, 1931లో డ్యూపాంట్ వాళ్లు తెచ్చింది, నూనెకు కొంత, ఎండకు కొంత తట్టుకుంటుంది, మంట అంటుకున్నా తనంతట ఆరుతుంది. సిలికాన్ చలికీ వేడికీ ఆగుతుంది, గట్టిగా లాగితే చిరుగుతుంది. వైటన్ రెండు వందల డిగ్రీల వేడి నూనెలో కూడా ఉంటుంది, ధర వింటే కళ్లు తిరుగుతాయి. పాలీయురితేన్ అరుగుదలలో అందరికంటే ముందు, వేడినీళ్లలో మాత్రం కుళ్లిపోతుంది.

నమూనా ఏ రబ్బరో తెలియకపోతే అగ్గిపుల్ల ఉంది గదా. చిన్న ముక్క కోసి కాల్చు. సిలికాన్ అయితే తెల్ల బూడిద మిగులుతుంది. రాగి తీగను ఎర్రగా కాల్చి ముక్కకు అంటించి, మళ్లీ మంటలో పెడితే ఆకుపచ్చ రంగు వచ్చిందంటే అందులో క్లోరిన్ ఉంది, నియోప్రీన్ కావచ్చు. కాస్త డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టి, ముందూ వెనకా తూచి చూడు. బాగా ఉబ్బితే నైట్రైల్ కాకపోవచ్చు. నీ సీసాలూ బ్యూరెట్లూ కాదు, ముందు ఇవి నేర్చుకో.

చలి సంగతి మన నెల్లూళ్లో ఎవడికీ పట్టదు, మే నెలలో చలి గురించి చెప్తే నవ్వుతారు కూడా. కానీ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, ఐస్ ఫ్యాక్టరీల్లో తలుపుల చుట్టూ ఉండే గ్యాస్కెట్లు చలిలోనే బతకాలి. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకే పేలిపోయి ఏడుగురు చనిపోయారు. ఆ ఉదయం చలికి రాకెట్టు జాయింట్లలోని రబ్బరు ఓరింగులు, అంటే సందు మూసే గుండ్రటి రింగులు, బిగుసుకుపోయి, వెనక్కి సాగి సందును మూయలేకపోయాయి. విచారణలో ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను బిగించి, గ్లాసెడు ఐసు నీళ్లలో ముంచి, తీసి అందరికీ చూపించాడు. నువ్వూ ఆ పరీక్షే చెయ్యి. ఫ్రీజర్ గ్యాస్కెట్ ఆర్డరొస్తే ముక్కను ఐసులో పెట్టి, తీసి వంచి చూడు.

మన దగ్గర కొనేవాళ్లెవరన్నావు. నేనైతే ముందు రైసు మిల్లుల తలుపు తడతాను. నెల్లూరు అంటేనే బియ్యం గదా. మిల్లులో వడ్ల పొట్టు ఊడదీసేది రెండు రబ్బరు రోళ్లు. ఇవీ ఎదురెదురుగా తిరుగుతాయి, వేగాల్లో సుమారు పావు వంతు తేడా ఉంటుంది, ఆ రాపిడికి పొట్టు జారిపోతుంది గానీ గింజ విరగదు. పాత ఇనప హల్లర్లలో నూక ఎంత పడేదో మీ తాతయ్యను అడిగితే చెప్పేవాడు. ఇనుమో అల్యూమినియమో డ్రమ్ము మీద రబ్బరు అంటించి వేడికి ఉడికిస్తారు. గట్టిదనం షోర్ ఎ కొలతలో ఎనభై అయిదు, తొంభై మధ్య. చాలా రోళ్లు తెల్లగా ఎందుకుంటాయో తెలుసా? కార్బన్ వేస్తే బియ్యానికి మసి అంటుతుంది, అందుకని సిలికా వేస్తారు. మిల్లరు అడిగేది ఒకటే, జత రోళ్లకు ఎన్ని టన్నుల వడ్లు ఆడతాయని. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది, అందుకే తెలివైన మిల్లు మేస్త్రి మధ్యలో రెంటినీ ఆ పక్కదీ ఈ పక్కదీ మారుస్తాడు. కొత్తగా పోయిన వాళ్లెవరైనా మేస్త్రికి ఈ మాట తెలుసని తెలిసేలా రెండు ముక్కలు మాట్లాడితే చాలు, టీ తెప్పిస్తాడు. నువ్వు ఆడపిల్లవని మొదట్లో నాన్న రాలేదా అని అడుగుతారు. అడగనీ, రోలు పట్టుకుని చూశాక ఆ ప్రశ్న మళ్లీ అడగరు.

అయితే రోళ్లు మొదటి ఏడాదే మొదలుపెట్టకు. మందం ఎక్కువ, లోపలిదాకా వేడి ఎక్కడానికి చాలా సేపు పడుతుంది. రబ్బరు వేడిని లోపలికి పోనివ్వదు. నేను మొదటిసారి లావు బుష్షులు, అంటే కడ్డీలకు తొడిగే గొట్టాల్లాంటివి, చేసినప్పుడు పైన నున్నగా, నల్లగా నిగనిగలాడాయి. ఒకటి రంపంతో కోసి చూస్తే లోపల స్పాంజిలా తూట్లు. పైన వేగిన గారె లోపల పచ్చిపిండిలా. ప్రతి కొత్త అచ్చులో మొదటి ముక్కను కోసి చూడందే పంపొద్దు.

మొదట్లో నీకు కూడు పెట్టేవి చిన్నవి. బోరు మోటార్లలో నీళ్లతోనే జారే రబ్బరు బుష్షు ఉంటుంది. పశ్చిమ ప్రకాశంలో లోతు బోర్లు, ఇసుక నీళ్లు, బుష్షులు త్వరగా అరుగుతాయి, మెకానిక్కులు ఎప్పుడూ కొంటూనే ఉంటారు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల గేరుబాక్సుకి నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు ఉంటుంది, ఒకపక్క నూనె, ఒకపక్క ఉప్పునీళ్లు. రబ్బరు నైట్రైల్ సరే, లోపలి స్ప్రింగు మామూలు ఉక్కుదైతే తుప్పు పట్టి మూడు నెలలకే వదులవుతుంది, స్టెయిన్‌లెస్ అడుగు. ఈ ఒక్క మాటకే కావలి వైపు ఒక రైతు నాకు పదేళ్లు ఆర్డర్లిచ్చాడు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు వాళ్లు రాయి కోసే వైరు సా తీగల సంగతి అడుగుతారు. ఉక్కు తాడు మీద వజ్రపు పూసలు, పూసకీ పూసకీ మధ్య రబ్బరో ప్లాస్టిక్కో. ఆశపడొద్దు. రబ్బరు ఉక్కుకు సరిగా అంటకపోయి తీగ తెగితే పూసలు తూటాల్లా ఎగురుతాయి. మనిషి ప్రాణం మీదికొచ్చే సరుకు అయిదేళ్ల తర్వాత ఆలోచించు. నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, బొగ్గు బెల్టుల పక్కన అంచు రబ్బర్లు, పుల్లీల మీద లైనింగూ కావాలి, టెండర్లూ డిపాజిట్లూ తట్టుకోగలిగినప్పుడు పో. రైలు పట్టాల కింద రబ్బరు ప్యాడ్లకీ, వంతెనల కింద బేరింగులకీ ప్రమాణాలు, ఆమోదాలు చాలా కఠినం. ఇప్పుడు కాదు.

రేటు కట్టేటప్పుడు ఒక మోసం ఉంది, నువ్వు పడొద్దు, చెయ్యొద్దు. కాంపౌండ్ కిలోల్లో కొంటాం, వస్తువు అచ్చు నిండేంత ఉండాలి, అంటే ఘనపరిమాణం. ఒకడు కిలో 120 అంటాడు, ఇంకొకడు 150 అంటాడు. చవకదే కొంటావు. చవకదాంట్లో సుద్దా, మట్టీ దట్టించి సాంద్రత 1.5 చేశాడు. రెండోవాడిది 1.15. లీటరు లెక్కన కట్టు, మొదటిది 180 రూపాయలు, రెండోది 172 రూపాయల 50 పైసలు. చవకదే ఖరీదు! పైగా అది త్వరగా చిరుగుతుంది. అందుకే సాంద్రత కాగితం అడగమన్నాను. నువ్వు అమ్మేది కూడా పీసు లెక్కన అమ్ము, కిలో లెక్కన అమ్మితే నీకూ సుద్ద వెయ్యాలనిపిస్తుంది.

పచ్చి రబ్బరు రేటు సంగతి కూడా కనిపెట్టుకుని ఉండాలి. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే దొర బ్రెజిల్ నుంచి 70,000 గింజలు లండన్ తోటకు తరలించబట్టి ఆసియాకు రబ్బరు తోటలు వచ్చాయి. మన దేశంలో కేరళ తట్టెక్కాడ్‌లో 1902లో వ్యాపారానికని తోట వేశారు. కొట్టాయంలో రబ్బరు బోర్డు ఉంది, అక్కడి రేటే మనకు గడియారం. నాలుగో రకం పొగపట్టిన షీటు 2011లో కిలో 240 దాకా పోయింది, 2016 మొదట్లో వందకు దిగింది, 2024 ఆగస్టులో మళ్లీ 240 దాటింది. ఏడాది పొడుగునా ఒకే రేటని సంతకం పెట్టావంటే నీ ఇల్లు అమ్మాలి. మూడు నెలలకోసారి రేటు సవరించుకుంటామని ఆర్డరులోనే రాయించుకో. 2011లో నేను రాయించుకోలేదు. ఆ సంవత్సరం మీ అక్క పెళ్లి ఎందుకు వాయిదా పడిందో ఎవరూ నీకు చెప్పి ఉండరు.

ఎండాకాలం వేరే కథ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నా దగ్గర పగిలింది కాంపౌండే. గంధకం, యాక్సిలరేటరు కలిపిన కాంపౌండ్ నిలవున్నా లోలోపల ఉడుకుతూనే ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ పని సుమారు రెట్టింపు వేగంతో సాగుతుంది. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం నాలుగు రోజులు ఉంచితే అచ్చులోకి పోకముందే ముడులు పడిపోతాయి, దాన్ని స్కార్చ్ అంటారు. ఇక అది అచ్చు నిండదు, మూలలు విరిగిన బొమ్మల్లా వస్తాయి వస్తువులు. ఒక చిన్న గదికి ఏసీ పెట్టించు, నీకు కాదు, కాంపౌండుకి. ఎండాకాలంలో వారానికి సరిపడానే తెప్పించుకో, తేదీ చాక్‌పీసుతో రాయించు, పాతది ముందు వాడించు.

అచ్చులు చెక్కేవాడిని వెతుక్కోవడం పెళ్లికొడుకుని వెతుక్కోవడం లాంటిది, తొందరపడకు. రబ్బరు చల్లారాక నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు కుంచించుకుపోతుంది, వంద మిల్లీమీటర్ల రింగు కావాలంటే అచ్చు 101.5 నుంచి 102 దాకా చెక్కాలి. కాంపౌండ్ మారితే ఈ లెక్క కూడా మారుతుంది, ఆ సంగతి తెలియని చెక్కేవాళ్లు చాలామంది. అచ్చు నీదే అని బిల్లులో రాయించు. ఒక కస్టమరు తన డబ్బుతో చేయించిన అచ్చు నా దగ్గర ఎన్నేళ్లున్నా దానితో ఇంకొకడికి ఒక్క ముక్క కూడా తియ్యలేదు, ఆ పేరు నెల్లూరు ఆటోనగర్లో నాకు బ్యాంకు గ్యారంటీ కంటే ఎక్కువ పనికొచ్చింది.

డబ్బు వసూలు మాట చెప్పకపోతే మీ పెద్దమ్మ ఈ ఉత్తరం పోస్టు చెయ్యనివ్వదు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ మొదటి వారమే చేయించు. 2006 నాటి ఎంఎస్ఎంఈ, అంటే చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో పట్టు దొరికింది, గడువులోగా చిన్న తయారీదారుకు కట్టకపోతే ఆ ఖర్చును వాళ్ల ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాది చూపుకోనివ్వరు. మీ ఆడిటరును అడిగితే చెప్తాడు. ఆన్‌లైన్లో ఫిర్యాదు చెయ్యొచ్చు. కానీ తల్లీ, చట్టం చేతిలో ఉందని రైసు మిల్లు మేస్త్రి మీద ఊపకూడదు. పెద్ద కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌కి కాగితం పంపు, చిన్న మెకానిక్కుకి నగదు అమ్ము, పంట వచ్చాక ఇస్తానన్న వాడి మాట ఒకటి రెండు సార్లు నమ్ము.

మూడోసారి నమ్మకు. 1994, 95లో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకు చెరువులు పోయాయి. నా సరుకులో మూడొంతులు చెరువులకే అమ్మేవాణ్ణి. వసూలుకి పోతే గట్టు మీద మనిషి మొహం చూసి డబ్బు మాటెత్తలేక, మజ్జిగ తాగి వెనక్కొచ్చిన ఇళ్లు ఎన్నో. వాళ్ల తప్పు ఒక్కటీ లేదు, ఒక్క కొమ్మకే బరువంతా వేలాడదీసిన తప్పు నాది. అప్పటి నుంచి రొయ్య కొంత, బియ్యం కొంత, బోర్లు కొంత అని పంచుకున్నాను.

పనివాళ్ల గురించి. అచ్చు తీసే వాళ్లకి చేతులు కాలతాయి, నూట యాభై డిగ్రీల ఇనుము అది. మంచి తొడుగులు కొను, మిల్లు మీద తొడుగులు వేరు, ప్రెస్సు మీద తొడుగులు వేరు, రెండూ కలపొద్దు. ప్రెస్సుల పైన పొగ లాగే ఫ్యాను మొదటి రోజునే పెట్టు. కాంపౌండ్ మనమే కలుపుకునే రోజులొచ్చాక యాక్సిలరేటరుగా టీఎంటీడీ అనే తెల్ల పొడి వాడతావు. ఆ పొడి పీల్చినవాడు సాయంత్రం మందు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. నా దగ్గర ఒకడు "మీ ఫ్యాక్టరీలో ఏదో చేతబడి ఉంది సార్" అని మానేసిపోయాడు. అమెరికాలో 1930లలోనే రబ్బరు కార్మికుల్లో ఇది గమనించారు, ఆ జాతి రసాయనంతోనే తర్వాత తాగుడు మాన్పించే మందు వచ్చింది. వాడి భార్య మాత్రం వాణ్ణి మళ్లీ పనిలో పెట్టుకోమని వచ్చి బతిమాలింది.

ఇంకా చదువుకోవాలనుకుంటే కొట్టాయంలో రబ్బరు బోర్డు శిక్షణ సంస్థలో చిన్న చిన్న కోర్సులున్నాయి, విజయవాడలో ప్లాస్టిక్ పని నేర్పే సిపెట్ ఉంది. వారం పది రోజులు షెడ్డు పని మీ నాన్నకి అప్పజెప్పి ముందే పోయి రా, యూనిట్ మొదలయ్యాక కుదరదు.

వచ్చే బుధవారం నేను ఒంగోలు వస్తాను, కంటి డాక్టరు దగ్గర పని ఉంది. పొద్దున పదకొండుకల్లా గుండ్లాపల్లి షెడ్డు దగ్గర ఉంటాను. మిల్లు కొటేషన్ ఇచ్చినతనికి ఈలోపు అడ్వాన్సు పంపొద్దు. నా పాత షోర్ మీటరు బీరువాలో ఉంది, సూది కొంచెం పైకి చూపిస్తోంది, క్యాలిబ్రేషన్ చేయించి తెస్తా. నువ్వు మాత్రం ఆ బోరు మెకానిక్కు దగ్గర నుంచి అరిగిపోయిన బుష్షులు ఒక అరడజను, కొత్తది ఒకటి తెచ్చి ఉంచు. అరిగినవాటి మీద బురద కడగొద్దు.

మీ నాన్నకీ, అల్లుడికీ నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న